‘స్ట్రేంజర్’ అనే మాట – ఒక దరఖాస్తు చెప్పిన పాఠం

గత నెలలో ఒక సాయంత్రం అసర్ నమాజు తరువాత మస్జిదు వరండాలో కూర్చుని ఉండగా, ఇటీవలే మా పేటకు వచ్చి చేరిన ఒక కుటుంబ పెద్ద తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ఒక దరఖాస్తు ఉన్నది. రేషన్ కార్డులో చిరునామా మార్పు కొరకు ఇంటర్మీడియట్ చదువుతున్న ఆ బిడ్డ స్వయంగా ఇంగ్లీషులో వ్రాసినది. “సాబ్, మీరు ఆఫీసులో పనిచేసినవారు. ఒక్కసారి చూసి పెట్టండి. రేపు ఇచ్చేద్దామనుకుంటున్నాం” అన్నాడు తండ్రి.

దస్తూరి ముత్యాల వలె ఉన్నది. భాషలో కూడా పెద్ద తప్పులు లేవు. అయితే రెండవ పేరాలో ఒక వాక్యం దగ్గర నా చూపు నిలిచిపోయినది. “వి ఆర్ ఫారినర్స్ టు దిస్ ప్లేస్” అని వ్రాసి ఉన్నది. ఏమిటి బాబూ ఇది అని అడిగితే, “అబ్బా చెప్పారు చాచా, మేము ఈ ఊరికి పరాయివాళ్ళం, ఇక్కడ ఎవరూ తెలియదు అని వ్రాయమన్నారు. అదే వ్రాశాను” అన్నాడు. తండ్రి చెప్పినది సత్యమే. బిడ్డ అనువదించినదీ నిఘంటువు ప్రకారం చేసిన పనే. కాని ఆ కాగితం మరునాడు కార్యాలయంలో దాఖలై ఉంటే, ఈ దేశంలో పుట్టి, ఈ దేశపు మట్టిలో తన తాతముత్తాతలను పూడ్చుకున్న ఒక మనిషి, తాను విదేశీయుడనని తన సంతకంతో ఒప్పుకున్నట్లు ఒక పత్రం ఫైలులో చేరి ఉండేది.

ముప్ఫై యేళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. టప్పాలలో వచ్చిన కాగితానికి ఇన్‌వర్డు నంబరు పడిన తరువాత దానికొక ఆయుష్షు వస్తుంది. వ్రాసినవాడు మరచిపోతాడు, ఫైలు మరచిపోదు. ఒక మాట తప్పుగా వ్రాసినంత మాత్రాన ఎవరి పౌరసత్వమూ పోదు. ఆ భయం ఎవరూ పెట్టుకోనవసరం లేదు. కాని పదేళ్ళ తరువాత వేరొక అధికారి అదే ఫైలు తిరగవేసినప్పుడు ఒక ప్రశ్న పుట్టడానికి ఆ మాట చాలు. ప్రశ్న పుట్టిన తరువాత దానికి జవాబు చెప్పుకోవడానికి తిరిగే కాళ్ళు మనవి, పోయే కూలిరోజులు మనవి. అందువల్ల ఈ నెల సంపాదకీయాన్ని ఒక చిన్న మాటకు కేటాయిస్తున్నాము. ఆ బిడ్డకు కావలసి వచ్చి దొరకని మాట అది: ‘స్ట్రేంజర్’.

స్ట్రేంజర్ అనగా మనకు పరిచయం లేని వ్యక్తి. అంతే. అతనిది ఏ దేశం, ఏ మతం, ఏ భాష అన్న విషయంతో ఆ మాటకు పని లేదు. మన వీధి చివర ఇరవై యేళ్ళుగా కాపురమున్నా మనం ఎన్నడూ పలకరించనివాడు మనకు స్ట్రేంజరే. దుబాయిలో మన గదిలోనే మనతో కలిసి వండుకుని తిన్న ఫిలిప్పీన్స్ దేశస్థుడు ఫారినర్ కావచ్చును గాని స్ట్రేంజర్ కాడు. ఫారినర్ అనేది పౌరసత్వానికి సంబంధించిన మాట. స్ట్రేంజర్ అనేది పరిచయానికి సంబంధించిన మాట. ఈ రెండింటి నడుమ గల దూరం తెలియకనే ఆ దరఖాస్తు అట్లా తయారైనది.

స్ట్రేంజర్‌కు మరొక అర్థం కూడా ఉన్నది. ఒక చోటికి కొత్తగా వచ్చినవాడు తన గురించి తానే “ఐ యామ్ ఎ స్ట్రేంజర్ హియర్” అని చెప్పుకోవచ్చును. దారి అడిగినప్పుడు ఎవరైనా ఈ మాట అంటే, నేనూ ఈ ఊరికి కొత్తే, నాకు దారి తెలియదు అని అర్థం. ఇక ‘పర్‌ఫెక్ట్ స్ట్రేంజర్’ అంటే పరిపూర్ణుడైన అపరిచితుడని కాదు. బొత్తిగా ముఖపరిచయం కూడా లేనివాడు. ఒకరిని గురించి “నో స్ట్రేంజర్ టు పావర్టీ” అంటే పేదరికాన్ని బాగా ఎరిగినవాడు, అనుభవించినవాడు. ‘స్ట్రేంజ్’ అనగా విచిత్రమైనది గనుక, అదే ‘స్ట్రేంజర్’ కొన్నిచోట్ల ‘మరింత విచిత్రమైన’ అనే అర్థంలోనూ వస్తుంది. వాక్యాన్ని బట్టి పోల్చుకోవాలి. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు ఒకసారి ఫోను పెట్టేసే ముందు “డోంట్ బి ఎ స్ట్రేంజర్, మామూ” అన్నాడు. వీడు నన్ను పరాయివాణ్ణి చేశాడే అని ఆ రోజంతా మనసు చివుక్కుమంటూనే ఉన్నది. అప్పుడప్పుడు పలకరిస్తూ ఉండు, రాకపోకలు మానకు అని దాని భావమని తరువాత తెలిసినది. ఎంత వయసు వచ్చినా నేర్చుకోవలసినవి ఉంటూనే ఉంటాయి.

మాట పుట్టుక చూసినా ఆసక్తికరమే. లాటిన్ భాషలో ‘ఎక్‌స్ట్రా’ అంటే వెలుపల. వెలుపలివాడు అనే అర్థం గల మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి స్ట్రేంజర్ అయినది. ఫారినర్ కూడా ‘తలుపు అవతల’ అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుండి వచ్చినదే. ఏలియన్ అనే మాటకు మూలం ‘మరొకడు’. మూడు మాటలలోనూ ఒక గడప ఉన్నది; లోపల నిలబడినవాడు బయట ఉన్నవానికి పెట్టిన పేర్లు అవి. వింత ఏమిటంటే ఇంగ్లీషులో అతిథిని తెలిపే ‘గెస్ట్’ అనే మాటకూ, లాటిన్‌లో శత్రువును తెలిపే ‘హోస్టిస్’ అనే మాటకూ మూలధాతువు ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. గడప ముందు నిలిచిన కొత్తమనిషి అతిథి కావడమో శత్రువు కావడమో లోపలివాడు తలుపు తీసే తీరును బట్టి ఉంటుందన్నమాట.

మన భాషల సంగతి వేరు. తెలుగులో అపరిచితుడు అనే మాట పుస్తకాలలోనే ఉండేది. 2005లో అదే పేరుతో సినిమా వచ్చిన తరువాత పసిపిల్లల నోట కూడా పడినది, కాని భయం గొలిపే మాటగా పడినది. ఇళ్ళలో మనం వాడేవి కొత్తవాడు, పరాయివాడు, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు అనే మాటలు. వీటిలో ‘పరాయి’ అన్నదే చిక్కు తెచ్చిపెడుతున్నది. పరాయి ఊరు, పరాయి దేశం, పరాయి మనిషి, పెళ్ళి చేసి పంపిన ఆడపిల్లను కూడా పరాయి ఇంటిది అనడం మనకు అలవాటు. ఇన్నింటికీ ఇంగ్లీషులో ఒకే మాట లేదు. మన ఉర్దూలో అజ్నబీ, గైర్, పర్‌దేసీ, ముసాఫిర్ అని వేర్వేరు మాటలున్నవి; అజ్నబీ అనేదే స్ట్రేంజర్‌కు సరియైన మాట.

ఇక గరీబ్ అనే మాట ఉన్నది. మనమందరం దానిని బీదవాడు అనే అర్థంలోనే వాడుతున్నాము. అరబీలో గరీబ్ అంటే బీదవాడు కాడు. తన ఊరు విడిచి వచ్చినవాడు, అజ్నబీ. అజ్మీరులోని ఖ్వాజా ముయీనుద్దీన్ చిష్తీ గారి బిరుదైన ‘గరీబ్ నవాజ్’లో ఈ రెండు అర్థాలూ వినవచ్చును. ఊరు విడిచినవానికి నా అన్నవారు ఉండరు, చేబదులు ఇచ్చేవారు ఉండరు; అట్లా ఊరు లేనివాడు క్రమంగా డబ్బు లేనివాడు అయిపోయాడేమో. కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు వెదకి వెదకి, పేరు చెప్పగానే “ఇల్లు ఖాళీ లేదు” అనిపించుకుని తిరిగివచ్చిన మన కుటుంబాలకు ఈ మార్పు అర్థం కాకపోదు.

ఈ మాట చట్టంలోనూ శాసనసభలలోనూ ఎట్లా చెలామణి అవుతున్నదో కొంత చెప్పుకోవలసి ఉన్నది. బ్రిటిష్ కామన్స్ సభలో సభ్యులు గాక తక్కినవారందరినీ స్ట్రేంజర్స్ అనేవారు. 2004లో ఆ మాటను వదలిపెట్టి ‘ప్రజలు’ అనే అర్థం గల మాట పెట్టుకున్నారు. మన లోక్‌సభ నియమావళిలో మాత్రం 386వ నియమంలో ఇప్పటికీ సందర్శకులను గూర్చి స్ట్రేంజర్స్ అనే ఉన్నది. ఓటు వేసి పంపినవాడు గ్యాలరీలో కూర్చుంటే స్ట్రేంజర్! ఇది అవమానమని కాదు. సభ్యుడు కానివాడు అని మాత్రమే అక్కడ అర్థం.

ఇంతకంటె ముఖ్యమైనది వీలునామాల విషయం. ముస్లిం వ్యక్తిగత చట్టంపై వ్రాసిన ఇంగ్లీషు గ్రంథాలలోనూ, వకీళ్ళ నోటీసులలోనూ స్ట్రేంజర్ అంటే వారసుడు కానివాడు. పిల్లలు లేని దంపతులు ఒక అనాథ బిడ్డను పసికందుగా తెచ్చుకుని కళ్ళలో పెట్టుకుని పెంచుతారు. యజమాని మరణించిన తరువాత అన్నదమ్ముల పక్షం నుండి వచ్చిన నోటీసులో ఆ బిడ్డను స్ట్రేంజర్ అని వ్రాస్తారు. ఆ మాట అర్థం తెలిసిన రోజున ఒక తల్లి కంటతడి పెట్టడం నేను కళ్ళారా చూశాను. అమ్మా, నీ బిడ్డను ఎవరూ పరాయివాణ్ణి చేయలేదు, వారసత్వపు వాటా లేదని చెప్పడానికి చట్టం వాడే మాట అది అని ఎంత చెప్పినా ఆమెకు సమాధానం కాలేదు. నిజమే, ఎట్లా అవుతుంది? పెంపుడు బిడ్డలున్నవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: షరీయత్ ప్రకారం వారసుడు కానివానికి తన ఆస్తిలో మూడవ వంతు వరకు వసియ్యతు ద్వారా ఇచ్చే హక్కు ప్రతి ముస్లింకూ ఉన్నది. బ్రతికి ఉండగానే హిబా చేసి స్వాధీనపరచవచ్చును కూడా. ఆ తండ్రి సకాలంలో ఒక కాగితం వ్రాసి ఉంటే ఆ తల్లికి ఆ నోటీసు చూసి ఏడవవలసిన అవసరం ఉండేది కాదు.

ఫారినర్ అనే మాట చట్టంలో ఇంతకంటె బరువైనది. 1946 నాటి విదేశీయుల చట్టం 9వ సెక్షను ప్రకారం, ఒక వ్యక్తి విదేశీయుడా కాదా అనే వివాదం వచ్చినప్పుడు, తాను విదేశీయుణ్ణి కానని నిరూపించుకొనవలసిన భారం ఆ వ్యక్తి మీదనే ఉండేది. 2025లో ఆ చట్టం స్థానంలో వలసలు, విదేశీయుల చట్టం వచ్చినది. భారం మాత్రం అక్కడే నిలిచినది. మామూలు నేరాలలో నేరాన్ని రుజువు చేయవలసినది ప్రభుత్వం. ఇక్కడ రుజువు చేసుకోవలసినది మనిషి. ఈ తేడా తెలిస్తే ఆ పిల్లవాని వాక్యం చూసి నేను ఎందుకు ఉలిక్కిపడ్డానో అర్థమవుతుంది.

అస్సాంలో రహీం అలీ అనే వ్యక్తిని 2012లో ట్రిబ్యునల్ ఏకపక్షంగా విదేశీయుడని ప్రకటించినది. పత్రాలలో పేర్ల స్పెల్లింగులోనూ తేదీలలోనూ ఉన్న స్వల్ప భేదాలు ఆయనకు ప్రతికూలమైనవి. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసి ఆయన భారత పౌరుడేనని తేల్చినది. ఆధారమేదీ లేకుండా ఎవరినో ఒకరిని పిలిచి నీవు విదేశీయుడవు, కాదని నిరూపించుకో అనడానికి అధికారులకు హక్కు లేదనీ, స్పెల్లింగులో చిన్న తేడాలు పౌరసత్వాన్ని కాదనడానికి కారణం కాజాలవనీ స్పష్టపరచినది. తీర్పు వచ్చేనాటికి రహీం అలీ జీవించి లేడు. 2021లోనే ఈ లోకం విడిచి వెళ్ళాడు. ఒక ఆధారు కార్డులో షేక్, మరొకదానిలో షైక్, ఓటరు కార్డులో ఎస్.కె. అని ఉన్న మన ఇళ్ళలో ఈ కథ చదివి నిశ్చింతగా నిద్రపోగలవారు ఎందరు?

రాజ్యాంగ నిర్మాతలు మాత్రం మాటలను తూచి వేశారు. 15, 16, 19 అధికరణాలలో ‘పౌరుడు’ అని వ్రాసినవారే, 14, 21 అధికరణాలకు వచ్చేసరికి ‘వ్యక్తి’ అని వ్రాశారు. చట్టం ముందు సమానత్వం, ప్రాణ రక్షణ అనేవి పరిచయం ఉన్నవానికీ లేనివానికీ, స్వదేశీయునికీ విదేశీయునికీ ఒక్కటే. అరుణాచల్ ప్రదేశ్‌లో చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పినదీ ఇదే. దేశంలో ఒక చోటి నుండి మరొక చోటికి పోయి నివసించే హక్కు 19వ అధికరణం ప్రకారం పౌరుని హక్కు. ప్రకాశం జిల్లావాడు విజయవాడకు వచ్చినా, ఆదిలాబాదువాడు హైదరాబాదుకు వచ్చినా అతడు కొత్తవాడే గాని మరేమీ కాడు. మన ప్రాంతంలోనూ ఈ మాటల మీద రక్తం చిందిన చరిత్ర ఉన్నది. 1952లో హైదరాబాదులో ‘గైర్ ముల్కీ’ వ్యతిరేక ఉద్యమం నడిచినప్పుడు కాల్పులు జరిగి విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. తరువాత 1975 రాష్ట్రపతి ఉత్తర్వులలో ఆ గొడవ ‘లోకల్’, ‘నాన్‌లోకల్’ అనే మాటలలోకి మారి, మా గుమాస్తాలకు స్టడీ సర్టిఫికెట్లు లెక్కపెట్టే పని అయినది. అప్పుడు కూడా నాన్‌లోకల్‌ను ఎవరూ ఫారినర్ అని వ్రాయలేదు.

ఇంతవరకు ఇతరులు మనలను ఏమంటున్నారు అన్నది చెప్పుకున్నాము. మనం ఇతరులను ఏమంటున్నాము అన్నది కూడా చెప్పుకొనకపోతే ఈ సంపాదకీయం సగమే అవుతుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు పుట్టి, తెలుగు రాష్ట్రాలలో అనేక చోట్ల ముక్కూమొహం తెలియనివారిపై దాడులు జరిగాయి. పవిత్ర రంజాన్ మాసంలో, హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో, ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ గుంపు చేతి దెబ్బలకు ప్రాణం విడిచినది. ఆమె చేసిన నేరం ఆ వీధికి స్ట్రేంజర్ కావడమే. రెండు నెలలు కూడా తిరగకుండానే జూలైలో, హైదరాబాదుకు చెందిన ఒక ముస్లిం సాఫ్ట్‌వేర్ ఇంజనీరు స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదరు జిల్లాకు వెళ్ళాడు. బడిపిల్లలకు వారు చాక్లెట్లు ఇచ్చారు. ఆ ఊరివారికి వారు స్ట్రేంజర్లు. అదే వదంతి, అదే గుంపు; ఆ యువకుడు ఇంటికి తిరిగి రాలేదు. రెండవ వార్తకు మనం కన్నీరు కార్చాము, సభలు పెట్టాము. మొదటి వార్తకు ఎందరం నోరు విప్పామో ఎవరికి వారు జ్ఞాపకం చేసుకోవాలి.

దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలోని 36వ ఆయత్ మేలు చేయవలసినవారిని పేర్కొంటూ బంధువైన పొరుగువానితో పాటు పరాయి పొరుగువానినీ, బాటసారినీ చేర్చినది. తౌబా సూరాలో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో చివర చెప్పినది బాటసారినే. హుజురాత్ సూరా 13వ ఆయత్ ప్రకారం మానవులు జాతులుగా తెగలుగా చేయబడినది ఒకరినొకరు తెలుసుకొనడానికి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇబ్నె ఉమర్ గారి భుజం మీద చేయి వేసి, ప్రపంచంలో గరీబుగానో బాటసారిగానో జీవించమని బోధించినట్లు బుఖారీ హదీసులో ఉన్నది. ముస్లింల మొట్టమొదటి వలస జరిగినది అబిసీనియాకు. అక్కడ వారికి తలుపు తీసినవాడు నజాషీ అనే క్రైస్తవ రాజు. ఆ గడప దగ్గర స్ట్రేంజర్లుగా నిలిచినవారు మన పూర్వీకులే.

పిల్లల విషయం కూడా ఒకటి ఉన్నది. బడులలో ‘స్ట్రేంజర్స్‌తో మాట్లాడవద్దు’ అని నేర్పుతున్నారు. అవసరమే. అయితే పిల్లలు ఆ మాటను ఎట్లా అర్థం చేసుకుంటున్నారో ఇంట్లో ఒకసారి అడిగి చూడండి. ఒక పసివాడు స్ట్రేంజర్ అంటే గడ్డమున్నవాడు అంటాడు, మరొకడు బొట్టు పెట్టుకున్నవాడు అంటాడు, ఇంకొకడు చిరిగిన బట్టలవాడు అంటాడు. మాటకు మనం అర్థం చెప్పకపోతే వీధి చెబుతుంది. పైగా పిల్లలపై జరిగే లైంగిక నేరాలలో అత్యధికం ఇంటికి వచ్చిపోయే తెలిసినవారు చేసేవేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటేటా చూపుతున్నవి. కాబట్టి బిడ్డకు చెప్పవలసినది మనిషి వేషాన్ని గురించి కాదు, ప్రవర్తనను గురించి. తెలిసినవాడైనా తెలియనివాడైనా, ముట్టకూడని చోట ముట్టినా, అమ్మకు చెప్పవద్దు అన్నా, వెంటనే వచ్చి అమ్మకు చెప్పాలి. 1098 నంబరును బిడ్డకు కంఠస్థం చేయించండి.

దరఖాస్తుల విషయంలో మా అనుభవం కొద్దీ చెప్పేది ఇది. ఊరికి కొత్త అని చెప్పదలచుకుంటే “న్యూ టు దిస్ ఏరియా” అని వ్రాయండి. స్ట్రేంజర్ అని కూడా వ్రాయనవసరం లేదు, ఆఫీసు కాగితంలో అది నప్పదు. ఎక్కడి నుండి ఎప్పుడు వచ్చారో ఊరు, మండలం, జిల్లాతో సహా, వచ్చిన నెల సంవత్సరంతో సహా వ్రాయండి. మైగ్రెంట్, రెఫ్యూజీ, ఫారినర్, ఏలియన్ అనే మాటలు ఎవరైనా సలహా ఇస్తే, వాటి అర్థం తెలిసిన మరొకరికి చూపించిన తరువాతనే సంతకం పెట్టండి. నిజానికి ఇంగ్లీషులోనే వ్రాయాలన్న నిబంధన ఏదీ లేదు. తెలుగు రాష్ట్రాలలో తెలుగు అధికార భాష. తెలుగులో ఇచ్చిన దరఖాస్తును తిప్పి పంపే అధికారం ఏ గుమాస్తాకూ లేదు, ఇది గుమాస్తాగా పనిచేసినవాడు చెబుతున్న మాట. మీ వద్ద ఒక నకలు ఉంచుకుని, దాని మీద ఇన్‌వర్డు నంబరు, తేదీ వేయించుకోవడం మరువవద్దు.

ఆ రోజు మస్జిదు వరండాలోనే ఆ పిల్లవాడు కొత్త కాగితం తీసి, ఈసారి తెలుగులో వ్రాశాడు. “మేము మార్కాపురం నుండి ఉపాధి నిమిత్తం ఈ ఊరికి వచ్చి నాలుగు నెలలైనది” అని మొదలుపెట్టి, తండ్రికి చదివి వినిపించాడు. తండ్రి చివరి వరకు విని, “ఇక్కడ మాకు ఎవరూ తెలియదు అన్న మాట వ్రాయలేదేం?” అని అడిగాడు. బిడ్డ నా వంక చూసి, “అది ఇప్పుడు నిజం కాదు కదా, అబ్బా” అన్నాడు. మగ్రిబ్ అజాన్ వినబడగా తండ్రి సంతకం చేసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.